తాడిపత్రికి మనోవ్యాధి మందు వచ్చిన దారి

మనోవ్యాధికి మందు లేదన్న సామెత చాలాకాలం అక్షరాలా నిజం. 1950ల నడిమి దాకా దిగులు జబ్బును తగ్గించే మాత్ర ఏ దేశంలోనూ వాడుకలో లేదు. 1957లో స్విట్జర్లాండు వైద్యుడు రోలాండ్ కూన్ ఇమిప్రమిన్ అనే మందు గురించి ప్రకటించాక ఆ సామెతకు కాలం చెల్లడం మొదలైంది. అయితే సామెతలు అన్ని ఊళ్లలోనూ ఒకే రోజున పాతబడవు. పెన్న ఒడ్డున, అనంతపురం మెట్టల్లో ఉన్న తాడిపత్రికి ఆ మందు దశాబ్దాలు నడిచి వచ్చింది. అది వచ్చిన దారిలో మద్రాసు ఉంది, బెంగళూరు ఉంది, అన్నిటికన్నా ముఖ్యంగా పక్కనే ఉన్న బళ్ళారి ఉంది.

అసలు ఈ సీమలో మందు అన్న మాట ఒక్క అర్థంతో ఆగదు. సారాయీ మందే. మనిషి తిండి మానేసి, ఎవరితోనూ మాట్లాడక, రోజురోజుకీ చిక్కిపోతుంటే ‘ఎవరో మందు పెట్టినారు’ అంటారు. ఆ పెట్టుమందును కక్కించేవాళ్లు వేరే ఉంటారు. దిగులుపడ్డ మనిషికి డాక్టరు మందు కంటే ముందు దొరికినవి ఈ రెండే. ఒకటి తాను తాగేది, రెండోది ఎవరో పెట్టారని ఇంటివాళ్లు నమ్మేది.

కుంగుబాటు అనే మాట పత్రికలు అలవాటు చేసింది. తాడిపత్రి చుట్టుపక్కల పల్లెల్లో ‘నాకు కుంగుబాటుగా ఉంది’ అని ఎవరూ అనరు. ‘మనసు బాగల్యా’, ‘నిద్ర పట్టడంల్యా’, ‘అన్నం సయించడంల్యా’ అంటారు. దిగులు, బెంగ, గుబులు అన్న మాటలు ఉన్నాయి కానీ అవి జబ్బు పేర్లు కావు, మనసు పడే అవస్థలు. కూతురు అత్తవారింటికి వెళ్తే తల్లికి బెంగ, వాన రాకపోతే రైతుకు దిగులు. వైద్యం దృష్టిలో ఈ దిగులు జబ్బుగా మారడానికి కొన్ని గుర్తులున్నాయి. కనీసం రెండు వారాల పాటు, దాదాపు ప్రతిరోజూ, రోజంతా మనసు మబ్బుపట్టినట్టు ఉండాలి. లేదా ఇంతకుముందు ఇష్టమైన పనుల మీద ఆసక్తి బాగా తగ్గిపోవాలి. వీటితో పాటు నిద్ర చెడటం, ఆకలి తగ్గడమో పెరగడమో, ఒళ్లు కదలనంత నీరసం, తాను ఎందుకూ పనికిరాననే భావం, దేని మీదా మనసు నిలవకపోవడం, చావు గురించిన ఆలోచనలు కలుస్తాయి. దుఃఖంలో ఉన్న మనిషిని మనవడు వచ్చి ఒళ్లో కూర్చుంటే కాసేపైనా నవ్వు పలకరిస్తుంది. ఈ జబ్బు ముదిరితే ఆ కాసేపు కూడా దొరకదు.

తాడిపత్రి అనగానే బుగ్గ రామలింగేశ్వరాలయం, చింతల వేంకటరమణస్వామి గుడి, వాటి రాతి చెక్కడాలు గుర్తొస్తాయి. విజయనగర కాలపు ఆ శిల్పుల ఊరే ఇప్పుడు నల్లబండలు కోసి నునుపు పట్టే ఫ్యాక్టరీల ఊరు. ఊరు దాటితే మెట్ట. అనంతపురం జిల్లా దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర. ఆ వాన కూడా చెప్పిన వేళకు రాదు. 1800లో నిజాము ఈ ప్రాంతాన్ని ఇంగ్లీషువాళ్లకు దత్తం చేశాక కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో ఏడేళ్లు ఇక్కడ తిరిగి పొలాలు కొలిపించాడు, పన్నులు కట్టాడు. 1876–78 నాటి ధాత కరువులో దత్తమండలాలు అతలాకుతలమయ్యాయి. ఆనాటి కరువు నివేదికల్లో చచ్చిన పశువుల లెక్క ఉంది, గంజి తాగినవాళ్ల లెక్క ఉంది, రాళ్లు కొట్టే పనికి వచ్చినవాళ్ల లెక్క ఉంది. బిడ్డలు పోయాక గడపలో కూర్చుని లేవనివాళ్లకు మాత్రం ఏ గడీ లేదు. ఒంటి ఆకలిని కొలిచే కొలత సర్కారు దగ్గర ఉండేది గాని మనసుకు కొలతే లేదు.

మనసు చెదిరినవాళ్ల కోసం కంపెనీ ప్రభుత్వం కట్టినది పిచ్చాసుపత్రి ఒక్కటే. మద్రాసులో అది 1794లోనే మొదలైంది. 1871లో కీల్పాక్‌కు మారింది. అదే ఏడాది మద్రాసు నుంచి బొంబాయికి రైలు దారి కలిసింది. ఆ దారి తాడిపత్రి మీదుగానే పోతుంది. అంటే రైలెక్కితే కీల్పాక్ ఒక్క ప్రయాణం దూరం. అయినా దిగులు మనుషులు ఆ రైలెక్కలేదు. 1858 నాటి చట్టం ప్రకారం ఆసుపత్రికి పంపేది ప్రధానంగా పోలీసులు, మేజిస్ట్రేట్లు. వాళ్ల కంట్లో పడేది రోడ్డు మీద తిరిగేవాళ్లు, కొట్టేవాళ్లు, బట్టలు చింపుకునేవాళ్లు. ఆనాటి ఆసుపత్రి రిజిస్టర్లలో ఉన్మాదం పక్కనే మెలంకోలియా అనే పేరూ ఉండేది. కానీ మూలన ముడుచుకుని కూర్చున్న మనిషి ఎవరికీ అడ్డం రాడు, అందుకే ఎవరూ అతన్ని ఎక్కడికీ తీసుకుపోరు. ఈ జబ్బు చరిత్ర పొడవునా ఇదే తంతు. అల్లరి చేసే జబ్బుకు గది దొరికింది, మౌనంగా ఉండే జబ్బుకు చాలాకాలం ఏమీ దొరకలేదు.

ఊళ్లో దొరికినవి వేరే. గాలి సోకిందని వేపమండలతో దిగదుడిచేవారు. ఆంజనేయస్వామి గుళ్లో నిద్ర చేయించేవారు, దర్గాలో తాయెత్తు కట్టించేవారు. నార్పల దగ్గరి గూగూడులో కుళ్లాయిస్వామికి మొక్కుకోవడానికి హిందువులూ ముస్లిములూ కలిసే పోతారు. పీర్ల పండగకు అక్కడ జరిగే అగ్నిగుండం ఈ సీమంతటికీ తెలుసు. ఆయుర్వేదం ఎరిగిన కుటుంబాల్లో వాతం ప్రకోపించిందని తైలాలూ ఘృతాలూ ఇచ్చేవారు. చరకుడు విషాదాన్ని రోగాలను పెంచే కారణాల్లో చేర్చాడు కాబట్టి మనసుకూ ఒంటికీ ఉన్న లంకె ఆ వైద్యులకు కొత్త కాదు.

ఈ పాత పద్ధతులన్నిటినీ మూఢనమ్మకమని ఒక్క మాటతో కొట్టిపారేయడం తేలికే గాని న్యాయం కాదు. గుడిలో ఇన్ని రాత్రులు నిద్ర చేయాలంటే ఇంట్లోవాళ్లు ఎవరో ఒకరు తోడు రావాలి. పొద్దున లేచి స్నానం చేయాలి, ప్రదక్షిణలు చేయాలి, వేళకు తినాలి. నీ జబ్బుకు కారణం నీ చేతగానితనం కాదు, బయటి నుంచి ఏదో వచ్చి పట్టింది అనే మాట రోగి మీది నిందను కొంత దించుతుంది. తేలికపాటి కుంగుబాటుకు ఇవి మేలు చేసే అవకాశం ఉంది. జబ్బు ముదిరినప్పుడే ప్రమాదం. అప్పుడు పోయేది కాలం. కొన్నిచోట్ల పోయింది కాలం ఒక్కటే కాదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడి దర్గా దగ్గర ఒక ప్రైవేటు ఆశ్రమంలో మంటలు లేచినప్పుడు, గొలుసులతో కట్టేసి ఉన్న మానసిక రోగులు పాతిక మందికి పైగా కాలిపోయారు. ఆ తర్వాతే దేశం ఈ సంగతి వైపు తల తిప్పింది.

ఇక అసలు మందు కథ. 1938లో రోము నగరంలో చెర్లెట్టి, బీని అనే ఇద్దరు వైద్యులు తలకు విద్యుత్తు పెట్టి మూర్ఛ తెప్పించే చికిత్స మొదలుపెట్టారు. తెలుగునాట దీన్ని ‘కరెంటు పెట్టడం’ అంటారు. ఆ మాట వింటేనే జనానికి భయం. తొలిరోజుల్లో మత్తు లేకుండా చేసేవారు కాబట్టి ఆ భయం ఊరికే పుట్టలేదు. కానీ తిండీ నీళ్లూ మానేసి రాయిలా పడివున్న రోగిని లేపి కూర్చోబెట్టగలిగిన తొలి చికిత్సల్లో అదొకటి. మన సర్పగంధ మొక్కకూ ఇందులో ఒక వింత పాత్ర ఉంది. కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తిక్ బోస్ 1931లోనే ఆ వేరు రక్తపోటుకూ ఉన్మాదానికీ పనిచేస్తుందని రాశారు. 1952లో దాని నుంచి రెసర్పిన్ వేరుచేశారు. రక్తపోటుకు ఆ మాత్ర వాడినవాళ్లలో కొందరు దిగులులో పడ్డారు. మెదడులో కొన్ని రసాయనాలు తగ్గితే మనసు కుంగుతుందేమో అన్న ఊహకు ఒక ఆధారం ఈ మొక్క నుంచే వచ్చింది. అదే 1952లో న్యూయార్కులో క్షయ రోగులకు ఇప్రోనియాజిడ్ అనే మందు ఇస్తే వాళ్లు వార్డులో హుషారెక్కి తిరగడం మొదలుపెట్టారు. అనుకోకుండా దొరికిన ఆ మందూ, వెనువెంటనే వచ్చిన ఇమిప్రమినూ, 1960ల తొలినాళ్లలో అమిట్రిప్టిలినూ కలిసి సామెతను మార్చేశాయి. 1980ల చివర ఫ్లూయోక్సెటిన్ వచ్చాక దుష్ఫలితాలు తగ్గాయి, మామూలు డాక్టరు కూడా ధైర్యంగా రాయగలిగే స్థితి వచ్చింది.

మందు పుట్టింది సరే, రాసేవాళ్లు ఎక్కడ? 1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు దాని వాటాకు వచ్చిన పిచ్చాసుపత్రి విశాఖపట్నానిది, అంటే తాడిపత్రివాళ్లకు రాష్ట్రం అటు చివర. హైదరాబాదులో ఎర్రగడ్డ పిచ్చాసుపత్రి ఉన్నా ఆ పేరే తిట్టుగా మారింది. రాయలసీమవాళ్లు నడిచిన దారులు రెండు. ఒకటి రాయవేలూరు, అక్కడి క్రైస్తవ వైద్య కళాశాల 1957లో ప్రారంభించిన మానసిక ఆరోగ్య కేంద్రంలో రోగితో పాటు ఇంటివాళ్లు కూడా ఉండాలనే పద్ధతి పెట్టారు. రెండోది బెంగళూరు. మైసూరు సంస్థానపు పాత పిచ్చాసుపత్రి 1954లో అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థగానూ, 1974లో నిమ్హాన్స్‌గానూ రూపం మార్చుకుంది. అనంతపురం జిల్లాలో ‘బెంగళూరుకు తీసుకపోయినారు’ అంటే ఏ ఆసుపత్రికో అడగనక్కరలేకుండా అర్థమయ్యే సందర్భాలున్నాయి. ఆ మాట గొంతు తగ్గించి చెప్తారు.

ఈ నిమ్హాన్స్‌లోనే 1970ల నడుమ ఒక ఆలోచన మొదలైంది. దేశంలో మానసిక వైద్యులు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది, రోగులు కోట్లలో. ప్రతి రోగీ బెంగళూరు రావాలంటే కుదిరే పని కాదు. మరి పల్లెలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుకే నాలుగైదు మందులు, కొన్ని వారాల శిక్షణ ఇస్తే? బెంగళూరు శివారులోని సకలవారలో దీన్ని చిన్నగా చేసిచూశారు. ఉత్తరాదిన చండీగఢ్ వైద్యులు రాయ్‌పూర్ రాణిలో ఇలాంటిదే చేశారు. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం కాగితం మీదికి వచ్చింది. ఒక జిల్లా మొత్తానికి దీన్ని వర్తింపజేసి చూడటానికి 1985లో ఎంచుకున్న జిల్లా బళ్ళారి.

బళ్ళారి తాడిపత్రికి పరాయిది కాదు. 1882లో అనంతపురం జిల్లా విడిపోయే దాకా తాడిపత్రి బళ్ళారి జిల్లాలోనిదే. తెలుగు నాటకరంగాన్ని ఏలిన బళ్ళారి రాఘవ 1880లో పుట్టింది తాడిపత్రిలో. ఇంటి ఊరు ఒకటి, పేరులోని ఊరు ఇంకొకటి. రెండు ఊళ్లదీ అదే మెట్ట, అవే కరువులు, ఆ బజార్లలో కన్నడంతో సమానంగా వినిపించే అదే తెలుగు. మధ్యలో ఉన్నది రాష్ట్రాల సరిహద్దు మాత్రమే. పదిహేను లక్షలకు పైగా జనాభా ఉన్న ఆ జిల్లాలో ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు, ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చారు. జిల్లా కేంద్రంలో ఒక మానసిక వైద్య బృందాన్ని పెట్టారు. మందులు ఆరోగ్య కేంద్రాలకే సరఫరా చేశారు. 1990 దాకా ఐదేళ్లు నడిచిన ఈ పని ఒక నమూనా అయింది. దేశంలో ఎక్కడ ఈ పథకం గురించి మాట్లాడినా ‘బళ్ళారి నమూనా’ అంటారు. దాన్ని ఆధారం చేసుకుని 1996లో కేంద్రం నాలుగు రాష్ట్రాల్లో తలా ఒక జిల్లాలో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలుపెట్టింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చింది మెదక్. గుంతకల్లు దాటితే తగిలే బళ్ళారిలో పుట్టిన నమూనా అనంతపురానికి రాకుండా, ముందు మెదక్‌కు వెళ్లింది.

బళ్ళారి నమూనాలో ఒక లోటు కూడా ఉంది. కార్యకర్తలు గుర్తుపట్టి తెచ్చినవాళ్లలో మూర్ఛ, తీవ్రమైన మతిభ్రమ ఉన్నవాళ్లే ఎక్కువ. కుంగుబాటు అక్కడా జారిపోయింది. పాత పోలీసుల కంట్లో పడనిది కొత్త కార్యకర్తల కంట్లోనూ పడలేదు.

1998 నుంచి అనంతపురం పేరు రైతుల ఆత్మహత్యల వార్తల్లో వినిపించసాగింది. జిల్లాలో ఏడెనిమిది లక్షల హెక్టార్లు ఒక్క చెనిక్కాయ మీదే ఆధారపడిన రోజులవి. బోర్లు ఎండాయి, అప్పులు పెరిగాయి. 2004లో రాష్ట్రప్రభుత్వం 421 నంబరు ఉత్తర్వుతో బాధిత కుటుంబాలకు సాయం ప్రకటించింది. జయతీ ఘోష్ అధ్యక్షతన రైతు సంక్షేమ కమిషన్ వేసింది. 2006లో ప్రధాని ప్రకటించిన ప్యాకేజీ దేశంలోని 31 జిల్లాలకు వర్తించింది. అందులో 16 ఆంధ్రప్రదేశ్‌వే, అనంతపురం వాటిలో ఒకటి. ఆ ప్యాకేజీలో వడ్డీ మాఫీ, సాగునీరు, విత్తనాలు, పశువులు ప్రధానం. రైతు చావును జబ్బుగా చూస్తే అప్పును దాచినట్టవుతుందని ఒక భయం, అప్పుగా మాత్రమే చూస్తే మనిషిని వదిలేసినట్టవుతుందని ఇంకో భయం. ఆ రోజుల చర్చ మొదటి భయం వైపే మొగ్గింది. అప్పు తీరాలి, అందులో వాదం లేదు. కానీ ఒకే అప్పు, ఒకే ఎండిన బోరు ఉన్న ఇద్దరిలో ఒకరు నిద్రలేని మూడు నెలల తర్వాత ఇక దారే లేదని ఎందుకు అనుకుంటారో అప్పు పత్రం చెప్పదు. అనంతపురంలో 2000లో వచ్చిన ప్రభుత్వ వైద్య కళాశాలతో జిల్లాకు మానసిక వైద్య విభాగం దక్కింది. తాడిపత్రి నుంచి అది ఒక బస్సు ప్రయాణం.

బస్సెక్కే లోపు జరిగేదే అసలు కథ. ఈ సీమలో ఏ ఆరోగ్య కేంద్రంలోనైనా కనిపించే దృశ్యం ఇది. నలభై ఏళ్ల ఆడమనిషి, బండల ఫ్యాక్టరీలో కూలి. తలనొప్పి, కాళ్లూ చేతులూ పీకడం, గుండె దడ. ఏడాదిగా ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గర బలం ఇంజెక్షన్లు వేయించుకుంటోంది, రెండుసార్లు గ్లూకోజు పెట్టించుకుంది. ఎవరో నరాల బలహీనత అన్నారు. నరాల డాక్టరు దగ్గరికి పోతే స్కానింగు తీసి అంతా బాగుందన్నారు. ‘అంతా బాగుంటే నాకెందుకిట్లుంది సార్’ అనేది ఆమె ప్రశ్న. డాక్టరు రక్తం, థైరాయిడ్ పరీక్షలు రాస్తాడు, ఎందుకంటే రక్తహీనతా థైరాయిడ్ లోపమూ ఇలాగే కనబడతాయి. ఆ తర్వాత రెండు ప్రశ్నలు అడుగుతాడు: ఈ రెండు వారాల్లో మనసు దిగులుగా ఉంటోందామ్మా? ముందు ఇష్టంగా చేసే పనులు ఇప్పుడు చేయబుద్ధి అవుతోందా? ఆమె కొంగు చివర వేలికి చుట్టుకుంటుంది, తలుపు వైపు చూస్తుంది, తోడొచ్చిన అత్త బయట ఉందో లేదో చూసుకుంటుంది. తలనొప్పి మాట అక్కడితో ఆగిపోతుంది.

అలా గుర్తించాక చేసే వైద్యం జబ్బు తీవ్రతను బట్టి ఉంటుంది. తేలికపాటి కుంగుబాటుకు మాత్ర లేకుండానే మాటల చికిత్స సరిపోవచ్చు. గోవాలో సంగత్ సంస్థ మామూలు చదువున్నవాళ్లకే శిక్షణ ఇచ్చి, ఆరు నుంచి ఎనిమిది విడతల్లో రోగిని తిరిగి చిన్న చిన్న పనుల్లోకి దించే పద్ధతిని పరీక్షించింది. తీవ్రమైన కుంగుబాటులోనూ అది పనిచేసిందని 2016లో ఫలితాలు వెలువడ్డాయి. పొద్దున ఒక గంట పెరట్లో పని, సాయంత్రం చెల్లెలింటికి పోయి రావడం, ఆ పూట మనసు ఎలా ఉందో చెప్పుకోవడం. వినడానికి ఇంతే. గుడి ప్రదక్షిణలతో దీనికున్న పోలిక గమనించదగ్గది.

జబ్బు నడిమిస్థాయి దాటితే ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రాలిన్, ఫ్లూయోక్సెటిన్ లాంటి మాత్రలు. ఇక్కడే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. మొదటి వారం కడుపులో వికారం, నోరెండడం లాంటివి ఉండొచ్చు. గుణం కనబడటానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. అంటే ఇబ్బంది ముందు, మేలు తర్వాత. ఇంజెక్షన్ వేసిన సాయంత్రానికే జ్వరం తగ్గాలనుకునే అలవాటుకు ఇది ఎదురు. పదో రోజున మాత్రల పట్టీ సగంలో ఆగి గూట్లో పడుతుంది. బాగయ్యాక కూడా కనీసం ఆరు నుంచి తొమ్మిది నెలలు వాడాలి. ఆపేటప్పుడు డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. ఇవి నిద్రమాత్రలు కావు, అలవాటు పడేవీ కావు. మందుల షాపులో చీటీ లేకుండా అడిగి తెచ్చుకునే ఆల్ప్రాజోలం వేరే జాతిది. అది నిద్రనిస్తుంది గాని కుంగుబాటును తగ్గించదు, పైగా అలవాటవుతుంది. తిండి మానేసేంత, చావు తప్ప వేరే ఆలోచన రానంత తీవ్రమైతే కరెంటు చికిత్స ఇప్పటికీ చాలా వేగంగా పనిచేస్తుంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మత్తు, కండరాల సడలింపు మందు లేకుండా దాన్ని ఇవ్వడాన్ని నిషేధించింది. రోగులను గొలుసులతో కట్టడాన్ని కూడా నిషేధించింది. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలనీ, అతన్ని శిక్షించకుండా వైద్యం అందించాలనీ అదే చట్టం చెప్పింది.

2015–16లో 12 రాష్ట్రాల్లో నిమ్హాన్స్ జరిపిన జాతీయ సర్వేలో, పెద్దల్లో నూటికి 2.7 మంది ఆ సమయంలో కుంగుబాటుతో ఉన్నట్టు తేలింది. వాళ్లలో నూటికి 85 మందికి వైద్యం అందడం లేదు. ఆ 12లో ఆంధ్రప్రదేశ్ లేదు. రాష్ట్రంలో ఈ దిశగా జరిగిన చెప్పుకోదగ్గ పని పశ్చిమ గోదావరిది. అక్కడ జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్‌లు ఇచ్చి, ఇంటింటికీ తిరిగి కుంగుబాటు ప్రశ్నలు అడిగించారు. అవసరమైనవాళ్లను ఆరోగ్య కేంద్రం డాక్టరు దగ్గరికి పంపించారు, మందు వాడుతున్నారో లేదో మళ్లీ వెళ్లి కనుక్కునేలా చేశారు. బళ్ళారిలో జారిపోయిన జబ్బునే వెతుక్కుంటూ పోయిన ప్రయత్నం ఇది.

2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ ఫోను సేవకు సమన్వయం చేసేది కూడా నిమ్హాన్సే. నంబరు 14416. రోజంతా, రాత్రంతా పనిచేస్తుంది, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. మొదట పలికేది కౌన్సెలర్. అవసరమైతే మానసిక వైద్యుడికి కలుపుతారు, నేరుగా చూపించుకోవాల్సినవాళ్లను దగ్గరి ప్రభుత్వాసుపత్రికి పంపుతారు.